పెద్ద సెల్లు కోసం టార్చి బాడీకి బోరింగ్: గోడ ఎక్కడ పలచబడుతుంది, ఎంత మిగలాలి

శ్రీకాకుళం, విజయనగరం వైపు టార్చిలైటుకు రాత్రంతా పని ఉంటుంది. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్ల భయం మధ్య కాపలా కాసేవాళ్లకు అదే ధైర్యం. భావనపాడు, కళింగపట్నం తీరాల్లో చీకటితో వేటకు బయల్దేరే మత్స్యకారులకు అది లేకపోతే వల చిక్కు కూడా విప్పుకోలేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. అందుకే గట్టి అల్యూమినియం టార్చి ఉన్నవాళ్లు దాన్ని పారేయకుండా, లోపలి రంధ్రాన్ని పెద్దది చేయించి (దీన్నే బోరింగ్ అంటారు), ఎక్కువసేపు వెలిగే, మళ్లీ చార్జి చేసుకోగలిగే 18650 లిథియం సెల్లు వేసుకోవాలనుకుంటారు.

పని చిన్నదే. లేత్ (తిప్పుతూ మెటల్ కోసే యంత్రం) మీద చెయ్యి తిరిగిన టర్నర్‌కు ఒక పూట చాలు. అయితే బోరింగ్ వల్ల బాడీ ఏ చోట బలహీనపడుతుందో తెలియకుండా చేయిస్తే, మొదటిసారి సిమెంటు గచ్చు మీద పడినప్పుడే వెనక మూత దగ్గర రెండు ముక్కలవుతుంది. చాలామంది బాడీ మధ్యలో గోడ మందం చూసి "ఇంకా బోలెడు మెటల్ ఉంది" అనుకుంటారు. టార్చి విరిగేది మధ్యలో కాదు. ఓ రింగ్ (నీళ్లు రాకుండా ఆపే రబ్బరు చుట్టు) కూర్చునే గాడి అడుగున, లేదా థ్రెడ్ (మూత బిగించే మరలు) మొదట్లో విరుగుతుంది. కాబట్టి ముందు ఆ రెండు చోట్లా కొలవాలి. కొలత బాగుంటేనే లేత్ దగ్గరికి వెళ్లాలి.

ఏ టార్చికి ఈ పని అక్కర్లేదు, దేనికి పనికిరాదు

సెల్స్ అసలు కొలతలు ముందుగా. 18650 అంటే పేరుకు 18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవు. చేతికి వచ్చే సెల్లు మాత్రం 18.2 నుంచి 18.5 దాకా ఉంటుంది. అడుగున ప్రొటెక్షన్ బోర్డు (షార్ట్, అతి చార్జి నుంచి కాపాడే చిన్న సర్క్యూట్) ఉన్న సెల్లయితే 18.6 నుంచి 19 లావు, 68 నుంచి 70 పొడవు. 21700 అంటే 21 లావు, 70 పొడవు. 26650 అంటే 26 లావు, 65 పొడవు. సీఆర్123 సెల్లు 17 లావు, 34.5 పొడవు. మామూలు సెల్స్‌లో సీ సైజు 26.2 లావు, 50 పొడవు. డీ సైజు, అంటే పెద్ద సెల్లు, 34.2 లావు, 61.5 పొడవు.

ఈ అంకెలు చూస్తే కొన్ని సంగతులు వెంటనే తేలిపోతాయి. సీ సైజు సెల్స్ పట్టే టార్చిలో 26650 అడ్డంగా ఎటూ పడుతుంది, పొడవు ఒక్కటే సర్దుకోవాలి. పెద్ద సెల్స్ రెండు పట్టే టార్చిలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 32700 సెల్లు ఒకటి చక్కగా పడుతుంది. దాని వోల్టేజి 3.2, అంటే రెండు మామూలు సెల్స్ కలిపి ఇచ్చేదానికి దగ్గర. మిగిలిన 53 మి.మీ. చోటుకు, మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకు ఇత్తడి బోల్టు దూర్చిన కర్రముక్క పెడితే చాలు. అక్కడ లేత్ పనే లేదు. మన ఊళ్లలో ఇంకా చాలా ఇళ్లలో ఉన్న క్రోమ్ పూత రేకు టార్చిలకు ఇదొక్కటే దారి, ఎందుకంటే ఆ రేకులో తీయడానికి మెటల్ లేదు.

బోరింగ్‌కు బాగా పనికొచ్చేవి సీఆర్123 సెల్స్ రెండు పట్టే అల్యూమినియం టార్చిలు. ష్యూర్‌ఫైర్ 6పీ వంటివి ఈ రకమే. రంధ్రం 17.2 నుంచి 17.6 దాకా ఉంటుంది, గోడ మందంగా ఉంటుంది, పైగా ఆ సెల్స్ ఇక్కడి కొట్లలో సులభంగా దొరకవు. ప్రొటెక్షన్ ఉన్న లావు సెల్లు పట్టని 18650 టార్చికి ఒక అర మిల్లీమీటరు పెంచడం కూడా మామూలే.

సన్నటి 18650 టార్చిని 21700కు మార్చమని అడిగేవాళ్లు ఎక్కువ. అది కుదరదు. ఆ రకం బాడీల్లో థ్రెడ్ బయటి వ్యాసమే 21, 22 మి.మీ. ఉంటుంది, 21700కు కావలసిన రంధ్రం 21.4. థ్రెడ్‌కు గోడే మిగలదు. అచ్చు పోసిన బాడీలకూ ఈ పని వద్దు. లోపల ఒక మూల గీరి చూస్తే తెలిసిపోతుంది: అచ్చు పోత మెటల్ గింజలు గింజలుగా రాలుతుంది, లోపల గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. బోరింగ్ చేస్తే ఆ గుంటలే పగుళ్లకు మొదలవుతాయి.

కొలతలు: సగం పని ఇక్కడే

వర్నియర్ కాలిపర్ తీసుకోండి, 0.02 మి.మీ. చూపేది. ముందు బాడీలోంచి స్విచ్, స్ప్రింగ్, ఓ రింగ్‌లు, తల భాగం అన్నీ విప్పేయాలి. తల రాకపోతే థ్రెడ్‌కు గమ్ పెట్టి ఉంటారు. ఎల్‌ఈడీ, అద్దం వీలైనంతవరకు తీసి, ఆ చోటును హెయిర్ డ్రయ్యర్‌తో చెయ్యి కాలేంత వేడి చేస్తే వదులుతుంది. పట్టుకారుతో నొక్కి తిప్పారంటే బాడీ కోలగా మారిపోతుంది. ఆ తర్వాత తీసిన కొలతలన్నీ తప్పే.

కొలవవలసినవి నాలుగు: లోపలి రంధ్రం, ఓ రింగ్ గాడి అడుగు వ్యాసం, థ్రెడ్ బయటి వ్యాసం, థ్రెడ్ పిచ్ (ఒక మర నుంచి పక్క మరకు దూరం). గాడి సన్నగా ఉంటే కాలిపర్ దవడలు లోపలికి దిగవు. దవడల చివర కత్తిలా పలచగా ఉన్న భాగంతో కొలవండి. అదీ పట్టకపోతే పక్కనున్న వ్యాసం కొలిచి, డెప్త్ రాడ్‌తో గాడి లోతు చూసి, ఆ లోతును రెండింతలు చేసి తీసేయండి. పిచ్ కోసం 10 మి.మీ. పొడవులో ఎన్ని మరలున్నాయో లెక్కపెట్టాలి. పది ఉంటే పిచ్ 1 మి.మీ.

థ్రెడ్ అడుగు వ్యాసం నేరుగా కొలవడం కష్టం. బయటి వ్యాసంలోంచి పిచ్‌కు 1.23 రెట్లు తీసేస్తే వస్తుంది. పిచ్ 1 మి.మీ. అనుకుని, రంధ్రాన్ని 18.7కు పెంచితే ఎంత మిగులుతుందో చూడండి. థ్రెడ్ 24 మి.మీ. ఉంటే అడుగు 22.77, గోడ 2.03 మి.మీ. నిశ్చింతగా చేయించుకోవచ్చు. థ్రెడ్ 22 అయితే అడుగు 20.77, గోడ 1.03. చేయవచ్చు, జాగ్రత్తగా. థ్రెడ్ 21 అయితే గోడ 0.53. చేయించవద్దు. థ్రెడ్ 20 అయితే మిగిలేది 0.03, అంటే కాగితం మందం కూడా కాదు.

అసలు బలం ఎంత తగ్గుతుందో ఒక లెక్కతో చూద్దాం. బాడీ బయటి వ్యాసం 25.4, రంధ్రం 17.5, గాడి అడుగు 21 అనుకోండి. రంధ్రాన్ని 18.7 చేస్తే మధ్య భాగంలో గోడ 3.95 నుంచి 3.35కు తగ్గుతుంది. వంపుకు ఆగే బిగువు అక్కడ తగ్గేది 9 శాతమే. అది పట్టించుకోనక్కర్లేదు. గాడి దగ్గర చూస్తే గోడ 1.75 నుంచి 1.15కు పడిపోతుంది. పక్కనుంచి దెబ్బ తగిలినప్పుడు సొట్ట పడకుండా ఆగే బలం గోడ మందం వర్గాన్ని బట్టి మారుతుంది, కాబట్టి అక్కడ మిగిలేది పాత బలంలో 43 శాతం. నొక్కితే కోలగా కాకుండా ఆగే బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది, అది 28 శాతానికి దిగుతుంది. ఒకే కోత, ఒకే టార్చి. మధ్యలో దాదాపు ఏమీ జరగలేదు, గాడి దగ్గర సగానికిపైగా బలం పోయింది.

దీనికితోడు లోపలి బరువు పెరుగుతుంది. సీఆర్123 సెల్స్ రెండూ కలిపి సుమారు 34 గ్రాములు, 18650 ఒక్కటే 46 నుంచి 48 గ్రాములు. టార్చి పడినప్పుడు ఆ బరువంతా లోపల్నుంచి గుద్దుతుంది.

మెటల్ 6061-టీ6 రకం అల్యూమినియం అయితే మా కొలమానం ఇది: ఇంట్లో వాడకానికి గాడి దగ్గర, థ్రెడ్ అడుగున 0.8 మి.మీ. మిగలాలి, పొలం, పడవ, కొండదారి పనులకు 1.0 మి.మీ. మిగలాలి. చవక టార్చిల్లో తరచుగా 6063 రకం వాడతారు. 6063-టీ5 దిగుబడి బలం (శాశ్వతంగా వంగిపోకుండా తట్టుకునే బలం) 6061-టీ6లో సుమారు సగమే. ఏ రకమో తెలియని బాడీకి 0.3 మి.మీ. అదనంగా పెట్టుకోండి.

ఇంకొక్కటి తప్పక చూడాలి. రంధ్రం బాడీకి సరిగ్గా నడిమధ్యన ఉండకపోవచ్చు. చివర నాలుగు వైపులా గోడ కొలవండి. ఒకవైపు 1.9, ఎదురువైపు 1.6 వస్తే మీ లెక్క 1.6తోనే మొదలవ్వాలి.

గోడ చాలదని తేలితే ఒక దారి ఉంది. సెల్లు ఏదో ఒక చివర నుంచి లోపలికి దిగితే చాలు. తల వైపు థ్రెడ్ పెద్దదిగా ఉండి, వెనక వైపుది చిన్నదైతే, బోరింగ్‌ను తల వైపు నుంచే చేయించి, వెనక 6, 7 మి.మీ. పాత రంధ్రంగానే వదిలేయండి. అక్కడ ఉండేది స్ప్రింగే. సెల్లు తల వైపు నుంచి వేసుకోవాలి, వెనక గాడి మాత్రం చెక్కుచెదరదు. పొడవు సరిపోతుందో లేదో ముందే కొలుచుకోవాలి.

లేత్ దగ్గర

ఎంత రంధ్రం కావాలో మీరే నిర్ణయించి చెప్పాలి. "సెల్లు పట్టేలా చెయ్యండి" అంటే టర్నర్ చేతిలో పని సులువయ్యేలా ఎక్కువే తీస్తారు. మీ దగ్గరున్న సెల్లులో అన్నిటికన్నా లావుదాన్ని రేపర్ (సెల్లు మీది ప్లాస్టిక్ తొడుగు) మీద కొలిచి, దానికి 0.25 నుంచి 0.3 కలపండి. లోపల ప్లాస్టిక్ పొర వేసే ఉద్దేశం ఉంటే మరో 0.2 కలపండి. 18.3 సెల్లుకు పొర లేకుండా 18.6, పొరతో 18.8. ఇంతకన్నా బిగుతుగా చేస్తే చిన్న సొట్ట పడినా సెల్లు లోపల ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న లిథియం సెల్లును స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీయడం ప్రమాదం.

బాడీని చక్కులో (లేత్ మీద ముక్కను పట్టి తిప్పే భాగం) నేరుగా బిగించనివ్వకండి. మూడు దవడల చక్కు పలచని గొట్టాన్ని మూడు వైపులా నొక్కుతుంది. ఆ నొక్కులో గుండ్రంగా కోసిన రంధ్రం, చక్కు వదలగానే మూడు మూలలుగా తేలుతుంది. పైన అనోడైజింగ్ (అల్యూమినియం మీది గట్టి ఆక్సైడ్ పొర) మీద దవడల గాట్లు సరేసరి. దీనికి చీలిక బుష్ కావాలి: 50 మి.మీ. పొడవున్న నైలాన్ లేదా అల్యూమినియం రాడ్డులో టార్చి బయటి వ్యాసానికి సరిగ్గా రంధ్రం చేసి, ఒక వైపు హాక్సా బ్లేడుతో నిలువుగా చీల్చాలి. బాడీని అందులో పెట్టి చక్కు బిగిస్తే పట్టు చుట్టూ సమానంగా పడుతుంది. పైన గరుకు గీతలుంటే ఒక చుట్టు మందపాటి కాగితం వేస్తే సరి.

తర్వాతది సెంటర్. చాలా షాపుల్లో బాడీ బయటి భాగం మీద డయల్ గేజి (తిరిగేటప్పుడు ఊగుడు ఎంతో ముల్లుతో చూపేది) పెట్టి సరిచూస్తారు. "గురూగారూ, డయల్ గాడి పక్కన పెట్టి చూడండి" అని అడగండి. గోడ పలచబడేది అక్కడే కాబట్టి రంధ్రం ఆ గాడికి, థ్రెడ్‌కు మధ్యన రావాలి, బయటి అలంకారానికి కాదు. రెండు చివర్లా 0.03 మి.మీ. లోపు తేడా ఉంటే మంచి సెట్టింగ్. ఈ ఒక్క పనికి పావుగంట పట్టినా పట్టనివ్వండి. గాడి గోడ 1.1 మి.మీ. మిగలవలసిన చోట సెంటర్ 0.2 తప్పితే ఒకవైపు 0.9, ఎదురు వైపు 1.3 వస్తుంది. విరిగేది 0.9 వైపే.

డ్రిల్ బిట్‌తో పెద్దది చేయడం వద్దు. ఉన్న రంధ్రంలోకి రెండు అంచుల బిట్ దించితే అది పళ్లు కరిచినట్టు లాక్కుంటుంది, కోలగా కోస్తుంది, చివర థ్రెడ్‌ను చీల్చేస్తుంది. బోరింగ్ బార్ (ఒకే అంచుతో లోపల కోసే టూల్ కడ్డీ) తోనే చేయించాలి. ఇక్కడ ఒక చిక్కు. 17.5 రంధ్రంలో 12 మి.మీ. బార్ పడుతుంది. ఉక్కు బార్ తన లావుకు నాలుగు రెట్ల పొడవు వరకే వణక్కుండా కోస్తుంది, అంటే 48 మి.మీ. కార్బైడ్ బార్ అయితే సుమారు ఆరు రెట్లు. టార్చి బాడీ 80, 90 మి.మీ. ఉంటుంది. ఉక్కు బార్‌ను అంత పొడవు చాచి కోస్తే అది ఊగి లోపల అలల్లాంటి గాట్లు పడతాయి. ఆ గాట్లు గాడి కింద పడితే పగులు అక్కడినుంచే మొదలవుతుంది. కార్బైడ్ బార్ లేని షాపులో సగం ఒకవైపు నుంచి, సగం రెండోవైపు నుంచి కోయించండి. తిప్పి బిగించిన ప్రతిసారీ డయల్ మళ్లీ గాడి పక్కనే. రెండు కోతలూ కలిసే చోట చిన్న మెట్టు వస్తుంది. అది మధ్యన, గోడ మందంగా ఉన్న చోట పడుతుంది కాబట్టి నష్టం లేదు. సాండ్ పేపర్‌తో పోతుంది.

మొదటి కోత భయపడుతూ సన్నగా తీయకూడదు. లోపల అనోడైజింగ్ పొర ఉంటుంది. అది అల్యూమినియం ఆక్సైడ్, సానరాయిలో ఉండే పదార్థమే. దాని మీద రాసుకుంటూ పోతే హైస్పీడ్ స్టీల్ టూల్ అంచు మొద్దుబారుతుంది, మొద్దు టూల్ మెటల్‌ను కోయదు, చింపుతుంది. మొదటి దెబ్బకే పొర కిందికి దిగాలి. 17.5ను 18.7 చేయడానికి ఒక్కో వైపు 0.6 మి.మీ. తీయాలి. దాన్ని 0.25, 0.2, 0.1, చివరగా 0.05గా నాలుగు కోతల్లో తీస్తే బాగుంటుంది. స్పీడు 600 నుంచి 800 చుట్లు, ఫీడు (టూల్ ముందుకు జరిగే దూరం) చుట్టుకు 0.05 నుంచి 0.08 మి.మీ. అల్యూమినియం టూల్ అంచుకు అంటుకుంటుంది కాబట్టి కిరోసిన్ గానీ, డబ్ల్యూడీ-40 గానీ చల్లుతూ ఉండాలి. చివరి కోత ముందు బాడీ చల్లారాక కొలవాలి.

రంధ్రం రెండు అంచులకూ 0.2 నుంచి 0.3 మి.మీ. వాటం (అంచును ఏటవాలుగా చెక్కడం) చాలు. ఎక్కువ చెక్కితే వెనక మూత ఆనుకునే అంచు కత్తిలా అవుతుంది. కరెంటు ఆ అంచు మీదుగానే పోతుంది, మూత బిగింపు బరువు కూడా దాని మీదే. కత్తిలా ఉన్న అంచు కొన్నాళ్లకు లోపలికి మడుచుకుని సెల్లును పట్టేస్తుంది.

ఆఖరున 400, తర్వాత 600 నంబరు సాండ్ పేపర్‌ను చిన్న కర్రకు చుట్టి, లోపల పొడవు వెంబడి రుద్దండి. గుండ్రంగా తిప్పి రుద్దకండి. వంపు దెబ్బకు పగులు అడ్డంగా నడుస్తుంది, అడ్డం గీతలు దానికి దారి చూపుతాయి. చిప్స్ అన్నీ కిరోసిన్‌తో, తర్వాత సబ్బునీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి. అల్యూమినియం పొట్టు ఒక్క పోగు స్విచ్‌లో చేరినా షార్ట్ అవుతుంది.

బయటి భాగానికి మళ్లీ అనోడైజింగ్ చేయిద్దామనే ఆలోచన మంచిది కాదు. పాత పొర తీయడానికి కాస్టిక్ సోడాలో ముంచుతారు. అది పొరతో ఆగకుండా థ్రెడ్‌నూ, గాడినీ తినేస్తుంది. మిగిలిన గోడే తక్కువ.

లోపల పొర పోయింది, దాని సంగతి

బోరింగ్ తర్వాత చాలామంది పట్టించుకోని మార్పు ఇది. లోపలి అనోడైజింగ్ కరెంటును పోనివ్వదు. ఇప్పుడు అక్కడ ఒట్టి మెటల్. 18650 సెల్లు డబ్బా అంతా నెగటివే. దాని మీద ఉండేది పలచటి ప్లాస్టిక్ రేపర్ మాత్రమే. సెల్లు లోపలికి బయటికి రాసుకుని ఆ రేపర్ ఎక్కడైనా చిరిగితే, డబ్బా నేరుగా బాడీని తాకుతుంది. అప్పుడు వెనక మూతలోని స్విచ్‌తో పనిలేకుండా టార్చి వెలుగుతుంది, ఆపితే ఆగదు. సంచిలో, పెట్టెలో పడేసిన టార్చి తనంతట తనే వెలిగి కాలిపోయేంత వేడెక్కడానికి ఇదొక కారణం.

రెండు సెల్స్ వరసగా వేసే బాడీలో ఇది ఇంకా ప్రమాదం. ముందున్న సెల్లు రేపర్ చిరిగి డబ్బా బాడీని తాకితే, స్విచ్ వేయగానే వెనకున్న సెల్లు రెండు చివరలూ బాడీ ద్వారా కలిసిపోతాయి, నేరుగా షార్ట్. మూత బిగించిన గొట్టంలో లిథియం సెల్లు షార్ట్ అయితే వాయువు బయటికి పోయే దారి ఉండదు. బోరింగ్ చేసిన బాడీలో రెండు సెల్స్ వేయాలంటే ప్లాస్టిక్ పొర తప్పనిసరి, దీనికి మినహాయింపు లేదు.

పొర వేయడం సులువు. జిరాక్స్ షాపుల్లో దొరికే పారదర్శక ఓహెచ్‌పీ షీటు 0.1 మి.మీ. మందం ఉంటుంది. సెల్లు పొడవుకు 3 మి.మీ. తక్కువగా, రంధ్రం చుట్టుకొలతకు సరిగ్గా కత్తిరించి, అంచులు ఒకదాని మీదొకటి ఎక్కకుండా గొట్టంలా చుట్టి లోపలికి తోయండి. 18.8 రంధ్రానికి వెడల్పు 59 మి.మీ. గమ్ వద్దు, దాని సాగుడే దాన్ని గోడకు పట్టిస్తుంది. వెనక అంచు మీదికి మాత్రం రానివ్వకూడదు. అక్కడ మెటల్‌కు మెటల్ తగలాలి.

సెల్లు పొడవు కూడా ఇక్కడే సర్దుకోవాలి. మూత పూర్తిగా బిగించినప్పుడు స్ప్రింగ్ ఇంకా 2, 3 మి.మీ. నొక్కుడుకు వీలుగా ఉండాలి. పూర్తిగా కుదించుకుపోయిన స్ప్రింగ్ ఉంటే టార్చి తలకిందులుగా పడినప్పుడు సెల్లు ముందున్న బోర్డును సుత్తిలా కొడుతుంది. మూత బిగించడానికి పడే బలం కూడా పలచబడ్డ థ్రెడ్ మీదే.

వోల్టేజి మాట క్లుప్తంగా. రెండు సీఆర్123 సెల్స్ 6 వోల్టులు, 18650 ఒకటి 3.0 నుంచి 4.2. లోపలి డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటును సర్దే బోర్డు) ఒక్క లిథియం సెల్లుకు పనిచేసేది కాకపోతే టార్చి మసగ్గా వెలుగుతుంది లేదా వెలగదు. బోరింగ్‌కు ముందే తల భాగానికి బయటనుంచి తీగలతో 18650 కలిపి చూసుకోండి. ప్రొటెక్షన్ లేని సెల్లు వేసేటట్లయితే తక్కువ వోల్టేజి దగ్గర ఆపేసే డ్రైవర్ ఉండాలి.

వేడి సంగతి కూడా గాడి దగ్గరికే వస్తుంది. ఎల్‌ఈడీ వేడి తల నుంచి బాడీలోకి పారే దారి అదే. పై ఉదాహరణలో గాడి దగ్గర మెటల్ వైశాల్యం సుమారు 106 నుంచి 72 చదరపు మి.మీ.కు తగ్గింది. అంటే తల మునుపటికన్నా వేడిగా ఉంటుంది. ఎక్కువ వెలుగు మోడ్‌లో ఆగకుండా వాడకండి.

పరీక్ష, అసలు సెల్లు వేయకముందే

పడేసి చూసే పరీక్షకు లిథియం సెల్లు వాడవద్దు. అర అంగుళం సీపీవీసీ పైపు 65 మి.మీ. ముక్క తీసుకుని, అందులో వలలకు కట్టే సీసం గుళ్లు, ఇసుక కూరి, మొత్తం 48 గ్రాములు వచ్చేలా తూచి, రెండు చివరలూ ఎంసీల్‌తో మూయండి. పైన టేపు చుట్టి 18.2 లావు చేయండి. అదే మీ ఉత్తుత్తి సెల్లు.

ముందు ఓ రింగ్‌లకు సిలికాన్ గ్రీజు రాసి బిగించండి. నల్లటి నైట్రైల్ రింగ్‌కు అది సరిపడుతుంది. సిలికాన్ రింగ్‌కు మాత్రం సిలికాన్ గ్రీజు రాస్తే ఉబ్బుతుంది. కొబ్బరినూనె రాసే అలవాటు మన వైపు ఉంది. అది చలికాలం గడ్డకడుతుంది, కొన్నాళ్లకు జిగురై ఇసుక పట్టేస్తుంది. మానేయండి.

ఉత్తుత్తి సెల్లు వేసిన టార్చిని మీటరు ఎత్తు నుంచి గట్టి నేల మీద అడ్డంగా, తల మీద, వెనక మూత మీద పడేయండి. తర్వాత సిమెంటు గచ్చు మీద అదే వరస. ప్రతి దెబ్బ తర్వాత మూత విప్పి మూడు చూడాలి: ఉత్తుత్తి సెల్లు తన బరువుకే జారి వస్తుందా, మూత చేతితోనే మొదటి మర నుంచి సాఫీగా ఎక్కుతుందా, గాడి పక్కన వ్యాసం అటూ ఇటూ కొలిస్తే తేడా 0.1 మి.మీ. దాటిందా. దాటితే ఆ గోడ చాలలేదని అర్థం, ఆ బాడీని బయటి పనులకు వాడవద్దు.

నీటి పరీక్షకు సెల్లు తీసేసి, లోపల పొడి టిష్యూ కాగితం పెట్టి, బకెట్టులో అరగంట ముంచండి. కాగితం చివర తడిస్తే ఆ వైపు రింగ్ చూడండి. బోరింగ్‌లో గాడి అంచు లేచి ఉంటే రింగ్ తెగుతుంది. వేలితో తడిమితే తగులుతుంది.

వాడకంలో

తీరం వెంబడి, నౌపడ ఉప్పుమడుల వైపు, లోపల ఒట్టి అల్యూమినియం ఉన్న టార్చిని ఉప్పుగాలి త్వరగా పట్టుకుంటుంది. ఉక్కు స్ప్రింగ్, ఇత్తడి ముక్క తగిలే చోట తడి చేరితే తినేసేది అల్యూమినియాన్నే. తెల్లటి పొడి కనిపిస్తే అదే. వేటనుంచి వచ్చాక మూత బిగించి ఉండగానే మంచినీళ్లతో కడిగి, తుడిచి, ఆరాక విప్పండి. నెలకోసారి అంచు, స్ప్రింగ్ పొడిగుడ్డతో తుడిచి థ్రెడ్‌కు కొద్దిగా గ్రీజు రాయండి. సముద్రపు నీళ్లు లోపలికి వెళ్లి సెల్లు తడిసిందంటే ఆ సెల్లును మళ్లీ చార్జింగ్ పెట్టకండి.

పామును కొట్టడానికి, కొబ్బరికాయ పగలగొట్టడానికి, మేకు దిగ్గొట్టడానికి టార్చి వాడేవాళ్లున్నారు. బోరింగ్ చేసిన టార్చితో ఆ పని చేయకూడదు. వెనక పట్టుకుని తలతో కొడితే వంపు మొత్తం గాడి మీదే పడుతుంది.

గాడిలో పగులు కంటికి కనిపించదు. ఆరు నెలలకోసారి రింగ్ తీసి, గాడిని పెట్రోలుతో తుడిచి, ఆరాక పెన్ను సిరా రాసి, ఒక నిమిషం ఆగి పొడిగుడ్డతో గట్టిగా తుడవండి. సన్నటి నీలి గీత మిగిలితే అది పగులు. దాని మీద గమ్, వెల్డింగ్ ఏదీ నిలవదు. వెల్డింగ్ వేడికి 6061లోని గట్టిదనం కూడా పోతుంది.

అప్పుడు తల, మూత ఉంచుకుని బాడీ ఒక్కటి కొత్తగా టర్నింగ్ చేయించుకోవచ్చు. అయితే తలకూ మూతకూ పాత థ్రెడ్డే కావాలి కాబట్టి, గాడి దగ్గర గోడ మళ్లీ అంతే వస్తుంది. మెటల్ మారితేనే లాభం. 6061-టీ6 దిగుబడి బలం సుమారు 276 మెగాపాస్కల్స్, 7075-టీ6ది సుమారు 500. తోటలకు, పొలాలకు 7075 మంచిదే. పడవలకు మాత్రం అనోడైజింగ్ లేని 7075 ఉప్పునీటికి 6061 కన్నా త్వరగా పాడవుతుంది, అక్కడ 6061 తోనే చేయించి, గాడి గోడ 1.0కు తగ్గని సన్న సెల్లు ఎంచుకోండి.